మందు పూసిన కాయితం

జీతం మీద నేను చేసిన మొదటి పని కాగితం మీద నీళ్ళు పోసి చూస్తూ కూర్చోవడం. ఎవరైనా అడిగితే చెప్పడానికి సిగ్గుపడేదాన్ని. మా అవ్వకు మాత్రం సిగ్గు లేదు. పదో తరగతి పాసైన తన బిడ్డ కాయితం తడుస్తదా తడవదా చూసే నౌకరీ చేస్తోందని బీడీల కార్ఖానాలో గొప్పగా చెప్పుకునేది. విన్నవాళ్ళు నవ్వేవారు. "కాయితం తడువకుంటే ఇంకేం తడుస్తదే?" అనేవారు.

అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం. బాపు పోయాక చందూర్ దగ్గరి మా ఊరు విడిచి అవ్వ, అన్న, వదిన, నేను నిజామాబాద్ వచ్చి ఒక గదిలో కిరాయికి దిగాం. అరవైల నడిమి సంగతి. అవ్వా వదినా ఇంటి ముందు కూర్చుని బీడీలు చుట్టి కార్ఖానాలో ఇచ్చి వచ్చేవారు. అన్న చెరుకు కాలంలో బోధన్ పోయి ఫ్యాక్టరీలో కూలీ చేసేవాడు. సీజన్ అయిపోయిందంటే మళ్ళీ పని కోసం ఊరంతా తిరగడమే. అట్లా తిరుగుతుండగా బోధన్ రోడ్డు మీద, ఒక రైసుమిల్లు వెనక ఉన్న రేకుల షెడ్డులో అతనికి ఏడాది పొడుగునా ఉండే పని దొరికింది. అన్న ఆరడుగుల మనిషి. పొద్దున సైకిల్ మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని, ముందు కడ్డీకి అన్నం గిన్నెల సంచి తగిలించుకుని, ఎదురుగాలిలో కూడా పాట పాడుకుంటూ తొక్కేవాడు.

ఆ షెడ్డులో కాగితానికి పూత పూసి సంచులు చేసేవారు. వానకాలంలో రైల్లో దూరం పోయే చక్కెర గోనెసంచుల్లో చెమ్మ పట్టి రాళ్ళలా గడ్డకట్టేది. గోనె లోపల కాగితపు సంచి పెడితే, ఆ కాగితానికి నీరు పట్టని పూత ఉంటే, చక్కెర పొడిగా ఉంటుందని వ్యాపారులు అడిగేవారు. షెడ్డు యజమానిని అందరం సేటు అనేవాళ్ళం. పూత సంగతులు చూడటానికి ఆయన ఒక కెమిస్టును పెట్టుకున్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన సన్నటి మనిషి. పెళ్ళి కాలేదు, హోటల్లో తినేవాడు. అన్నను 'మీరు' అని పిలిచేవాడు. మా అన్నను అంతకు ముందు ఎవరూ అట్లా పిలవలేదు. ఆ ఒక్క మాటకే అన్న అతనికి ప్రాణం పెట్టేవాడు.

"మా సెల్లె సదువుకున్నది సారు, ఏమన్న పనుంటే సూడుండ్రి" అని అన్న అడిగితే, కెమిస్టు సారు నన్ను పరీక్షల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. షెడ్డు బయట వరండాలో ఉండేది ఆ బల్ల.

పని తేలికే. పూసిన కాగితం ముక్కను నాలుగు వైపులా మడిచి పళ్ళెంలా చేసి, నీలిరంగు కలిపిన నీళ్ళు పోసేదాన్ని. కింద బ్లాటింగ్ కాగితం పరిచి ఉండేది. మడత దగ్గరో మూల దగ్గరో నీళ్ళు దిగితే దాని మీద నీలిచుక్క తేలేది. ఇంకో ముక్క మీద బరువైన ఇనుప కడియం బిగించి, నడుమ నీళ్ళు నింపి, కొంతసేపటికి వంపేసి, పై తడి అద్ది, బంగారం పని చేసే అవుసలి వాళ్ళ దగ్గర ఉండేలాంటి చిన్న తక్కెడలో తూచేదాన్ని. పెరిగిన బరువంతా కాగితం తాగిన నీళ్ళు. మూడో పరీక్ష నాకు ఇష్టం. చిన్న సంచిలో చక్కెర పోసి మూతి అతికించి, అడుగున నీళ్ళున్న మూత డబ్బాలో వేలాడదీసేదాన్ని. కొన్నాళ్ళు పోయాక విప్పితే చక్కెర వేళ్ళ సందుల్లోంచి జారిపోవాలి. చేతికి అంటుకుంటే సంచి ఓడినట్టే.

మొదట్లో మైనం పూసేవారు. కాగితం మడతపెడితే మైనం పగిలేది. ఎండకాలంలో కరిగి సంచులు ఒకదానికొకటి అతుక్కునేవి. ఒకసారి నాందేడ్ పంపిన సరుకంతా తిరిగి వచ్చింది. సేటు ఒక సంచి చింపి, మైనం అంటిన చక్కెర గడ్డను తెచ్చి కెమిస్టు సారు ముందు పడేశాడు.

"మాల్ మొత్తం వాపస్ వచ్చింది. గీ మైనం బంద్ చెయ్యి. ఇంకేదన్న సూడు, లేకుంటే షెడ్డుకు తాళమేద్దాం" అన్నాడు.

కెమిస్టు సారు బొంబాయి పోయి వచ్చాడు. వారం తిరక్కుండా లారీలో డ్రమ్ములు దిగాయి. వాటిలో నీళ్ళలా పలచగా ఉండే ద్రవం. అందులో రబ్బరు తునకల్లాంటి బంకముక్కలు వేసి కరిగించి, ఆ జిగురును కాగితానికి పూయాలి. ద్రవం గాలికి ఆరిపోతుంది, జిగురు పల్చటి పొరలా కాగితాన్ని పట్టుకుని ఉంటుంది. సారు దాన్ని బెంజాల్ అనేవాడు. మేమంతా మందు అన్నాం. దాని వాసన తియ్యగా ఉండేది. మాగిన పండులో కిరసనాయిలు కలిపినట్టు. మొదటి రోజు అన్న డ్రమ్ము మూత దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చి, "అత్తరు లెక్కుందే" అన్నాడు.

మొదటి కాగితం నా బల్ల మీదికి వచ్చినప్పుడు కడియం పరీక్ష చేశాను. తక్కెడ ముల్లు కదల్లేదు. నాకే అనుమానం వచ్చి మళ్ళీ చేశాను. కదల్లేదు. సారును పిలిచాను. ఆయన వెనకే అన్న కూడా వచ్చాడు. అన్న ఆ కాగితాన్ని చేతుల్లో నలిపి ఉండ చేసి, విప్పి, దోసిలిలా పట్టి నీళ్ళు పోయించుకుని తన నెత్తి మీదికెత్తాడు. ఒక్క చుక్క పడలేదు. సారు ఆ రోజు పిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. సేటు జిలేబీ తెప్పించి అందరికీ పంచాడు.

ఆ మందుకు నిప్పు అంటుకుంటుందన్న భయం ఒక్కటే ఉండేది. షెడ్డు తలుపు మీద బీడీ తాగరాదని తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించారు. అన్న బీడీలు తగ్గించాడు. వదిన సంతోషించింది. అప్పటికి వాళ్ళ పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. మొగుడు బీడీ మానితే దేవుడు కరుణిస్తాడని ఆమెకు ఎవరో చెప్పారు.

అన్న పని తొట్టి దగ్గర. కాగితపు చుట్టను తొట్టిలోని జిగురు మీదుగా లాగుతూ, పైన ఇనుప పట్టీతో ఎక్కువైన జిగురును గీకుతూ, తొట్టి మీదికి వంగి నిలబడాలి. తడి కాగితాన్ని అవతలి కొసన అందుకుని తీగల మీద ఆరేసేది ధర్మాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడేవాడు. మేం మామా అనేవాళ్ళం. సాయంత్రానికి అన్న చేతులు మోచేతుల దాకా జిగురు కట్టి ఉండేవి. సబ్బుకు అది పోదు. అందుకని మగ్గుతో ఆ మందే ముంచుకుని చేతులు కడుక్కునేవాడు. ఒక్క క్షణంలో శుభ్రమయ్యేవి. చల్లగా హాయిగా ఉంటదే అని నా చేతుల మీద కూడా పోయబోయేవాడు.

వానకాలం వచ్చేసరికి కొత్త చిక్కు మొదలైంది. ముసురు పట్టిన రోజుల్లో కాగితం మీది పొర గాజులా ఆరకుండా పాలు పోసినట్టు తెల్లబడేది. అట్లా తెల్లబడిన కాగితం నీళ్ళు ఆపేది కాదు. నా బ్లాటింగ్ కాగితం నిండా నీలిచుక్కలు పడేవి.

"సారు, గిది సూడుండ్రి, ఇరిగిన పాల లెక్క అయితుంది" అని అన్న ఒక కాగితం తెచ్చి చూపించాడు.

సారు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "గాలిలో తేమ ఎక్కువగా ఉందండీ. మందు ఆరేటప్పుడు ఆ తేమ పొరలో చిక్కుకుంటోంది. బయటి గాలి లోపలికి రాకుండా చూడాలి" అన్నాడు.

మర్నాడు షెడ్డు కిటికీలు మూసి, వాటి మీద వాన పట్టని తాడిపత్రి గుడ్డను మేకులతో కొట్టారు. రేకుల కింది సందుల్లో గోనెలు కుక్కారు. తలుపు కూడా దగ్గరికి వేసి ఉంచేవారు. ఆ రోజు వచ్చిన కాగితం అద్దంలా ఉంది. అన్ని పరీక్షలూ నెగ్గింది. సారు చాలా ఊరటగా కనిపించాడు. లోపలి నుంచి ఎవరైనా తలుపు తీస్తే, వరండాలో ఉన్న నాకు ఆ తియ్యటి వాసన మొహానికి కొట్టినట్టు తగిలేది. మధ్యాహ్నానికి తల బరువెక్కేది. లోపల అన్న పొద్దంతా అందులోనే ఉండేవాడు.

అన్న ఇంటికి వచ్చే తీరు మారింది. గడప తట్టుకుని తూలేవాడు. నవ్వు రాని మాటకు నవ్వేవాడు. ఒక సాయంత్రం గుమ్మంలోకి రాగానే బీడీల తునికాకు చాట మీద కాలేశాడు. వదిన లేచి నిలబడింది.

"ఎక్కడ దాగినవ్?"

"నేను దాగలేదు."

"కండ్లు సూడు ఎట్లున్నయో. కల్లు కాంపౌండ్ల నుంచి వస్తున్నవా, షెడ్డుల నుంచి వస్తున్నవా?"

"నీ మీద ఒట్టు, దాగలేదే. మందు వాసనకు తల తిరుగుతుంది."

"మందు అని నువ్వే అంటున్నవు!" అంది వదిన. అన్న మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వుతో ఆమెకు కోపం ఇంకా ఎక్కువైంది. వాడకట్టు వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. నిజంగా షెడ్డులో అట్లాగే ఉంటుందని నేను చెప్పబోతే, అన్నను వెనకేసుకొస్తున్నానని వదిన నా మీద విరుచుకుపడింది. చాలా రోజులు ఆ ఇంట్లో మాటలు లేవు.

చలికాలంలో కిటికీలు తెరిచారు. అన్న కాస్త తెప్పరిల్లాడు. వదినకూ అతనికీ మాటలు కలిశాయి. మళ్ళీ వానకాలం వచ్చింది, మళ్ళీ తాడిపత్రి ఎక్కింది. ఆర్డర్లు కూడా పెరిగి, ఆ చలికాలం దాన్ని తీయనే లేదు. ఆ ఏడే వదినకు నెల తప్పింది. ఇంట్లో అంత సంతోషం బాపు పోయాక ఎప్పుడూ చూడలేదు.

ఆ సంతోషంలో మేం అన్నను సరిగా చూడలేదు. నన్ను ఎక్కించుకుని ఎత్తుదారిలో కూడా సైకిల్ తొక్కే మనిషి ఇప్పుడు దిగి నెట్టుకుంటూ నడిచాడు. ఎండకు అలసట అన్నాడు. పొద్దున వేపపుల్ల వేసుకుని ఉమ్మితే ఎర్రగా పడింది. పుల్ల గీరుకుంది అన్నాడు. ఒక రోజు స్నానం చేసి వస్తుంటే వదిన అతని వీపు చూసి గట్టిగా అరిచింది. భుజాల మీద, పక్కల్లో, అరచేయంత నల్లటి కమిలిన మచ్చలు.

"ఎవరు కొట్టిండ్రు? నిజం చెప్పు, ఎవరితోని లొల్లి పెట్టుకున్నవు?"

"ఎవరు కొడ్తరే నన్ను? నాకే తెల్వదు గవి ఎప్పుడు వచ్చినయో."

అతని గోళ్ళు, పెదవులు, కనురెప్పల లోపలి భాగం తెల్లగా ఉన్నాయి. అంత పొడుగు మనిషి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అవ్వ ఆ రోజు బీడీలు పక్కన పెట్టి అతన్ని పెద్ద బజారు దగ్గరి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన రక్తం తక్కువుందని టానిక్ రాసి సూది వేశాడు. సూది గుచ్చిన చోట దూది పెట్టుకుని ఇంటికొచ్చాడు. దూది తడిసింది. గుడ్డ కట్టాం, గుడ్డా తడిసింది. మర్నాడు అవ్వా నేనూ మళ్ళీ తీసుకుపోతే డాక్టరు ఆ గుడ్డ విప్పి చూశాడు. వేలి నుంచి రక్తం తీసి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చాక అవ్వను బయట కూర్చోబెట్టి నాతో, "పట్నం తీస్కపో బిడ్డా. ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు.

వదినకు నెలలు నిండవస్తున్నాయి. ఆమెను వాళ్ళ చిన్నమ్మ దగ్గర ఉంచి అవ్వా నేనూ అన్నను రైల్లో హైదరాబాద్ తీసుకుపోయాం. బయల్దేరేటప్పుడు వదిన స్టేషన్‌కు వస్తానంది. అన్న వద్దన్నాడు. "గింత దానికి స్టేషన్ దాక ఎందుకు? నాలుగు దినాల్ల వస్త" అన్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి చీర కొంగు నోట్లో పెట్టుకుని చూసింది.

పెద్ద దవాఖానలో అతని రొమ్ము ఎముకలో లావు సూది దింపి ఏదో తీశారు. అన్న నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. అరవలేదు. రెండు రోజులకు ఒక పెద్ద డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఏం పని చేస్తావని అడిగింది. అన్న చెప్పాడు. మందు వాసన ఎట్లా ఉంటుందని అడిగింది. చేతులు దేనితో కడుక్కుంటావని అడిగింది. కిటికీలు ఉన్నాయా అని అడిగింది. ఆమెకు మా షెడ్డు ముందే తెలిసినట్టుంది.

ఆమె నన్ను వరండాలోకి పిలిచింది. "మనిషి ఎముకల లోపల రక్తం తయారవుతుందమ్మా. మీ అన్నకు అక్కడ ఎండిపోయింది. ఆ బెంజాల్ గాలి పీలిస్తే అట్లా అవుతుంది. చెప్పుల జిగురు పని చేసేవాళ్ళలో ఒకరిద్దరిని చూశాను" అంది.

"మళ్ళ ఊరుతదా అమ్మా?" అన్నాను.

"రక్తం ఎక్కిస్తాం. చూద్దాం" అని ఆమె నా భుజం తట్టి పోయింది.

నా రక్తం ఎక్కించారు. దవాఖానలో ఎవరెవరిదో ఎక్కించారు. ఎక్కించిన రోజు అన్న లేచి కూర్చుని మాట్లాడేవాడు. మళ్ళీ తెల్లబడేవాడు. ముక్కు నుంచి నెత్తురు వచ్చేది, జ్వరం వచ్చేది. ఒకసారి నాతో అన్నాడు: "సెల్లె, మీ వదినకు చెప్పు, నేను దాగలేదని."

"నువ్వే చెప్దువు గని" అన్నాను.

"నేను చెప్తే నమ్మలేదు గద" అన్నాడు. అతనికి కోపమేమీ లేదు.

ఒక మధ్యాహ్నం, అవ్వ గంజి తాగిద్దామని గిన్నె తెరిచేసరికి పోయాడు. శవాన్ని నిజామాబాద్ చేర్చే దారి మాకు తెలియలేదు. వార్డులో ఉన్న ఆర్మూర్ వైపు మనిషి ఒకరు, దవాఖాన బండివాళ్ళు ఇద్దరు తోడొస్తే, మూసీ ఒడ్డున ఒక శ్మశానంలో కాల్చాం. నిప్పు అవ్వ పెట్టింది. ఆడది పెట్టకూడదని అక్కడ ఎవరూ అనలేదు.

ఇంటికి వచ్చి అన్న పోయిన సంగతీ, అతను చెప్పమన్న మాటా చెప్పినప్పుడు వదిన ఏడవలేదు. చాట ముందు కూర్చుని ఆకు కత్తిరిస్తూనే ఉంది. దశదినం నాడు చుట్టాల్లో ఒకాయన, "తాగుడు మనిషిని గట్లనే తింటది" అన్నాడు. అప్పుడు లేచింది వదిన. ఎన్నడూ పెద్దవాళ్ళ ముందు గొంతెత్తని మనిషి.

"తాగలేదు! నా మొగడు తాగలేదు. నేనే అన్న గా మాట, నాకు తెల్వక అన్న. ఇంకొకలు అంటే మర్యాద దక్కదు!" అని కడుపు పట్టుకుని అరిచింది. ఆయన అన్నం ముందు నుంచి లేచి పోయాడు. ఆ తర్వాత ఏడుస్తున్న ఆమెను పట్టడం మా వల్ల కాలేదు.

నేను షెడ్డుకు పోయాను. డాక్టరమ్మ చెప్పింది కెమిస్టు సారుకు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"తలనొప్పి నాకూ వచ్చేదమ్మా. వాసన ఘాటు అనుకున్నాను. నిప్పు గురించి చెప్పారు బొంబాయిలో. ఇది చెప్పలేదు" అన్నాడు. కాసేపటికి, "కిటికీలు మూయించింది నేనే కదూ" అన్నాడు. ఆయన లోపలికి పోయి తాడిపత్రిని మేకులతో సహా పీకాడు. చేతికి గీరుకుని నెత్తురు కారింది. ఆ నెత్తురు ఆగుతుందా లేదా అని ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆగింది.

కొన్నాళ్ళకే ఊళ్ళో, ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకే అని ముల్కీ గొడవలు మొదలయ్యాయి. ఆయన ఉద్యోగం వదిలి తన ఊరికి వెళ్ళిపోయాడు. గొడవలకు భయపడి పారిపోయాడని అందరూ అనుకున్నారు.

సేటు మాత్రం షెడ్డు ఆపలేదు. అన్న నిలబడ్డ చోట మామను నిలబెట్టాడు. నేను మామ దగ్గరికి పోయి చెప్పాను. "మామా, గా తొట్టి కాడ నిలవడకు. మా అన్న సంగతి చూసినవు గద."

"ముగ్గురు పోరగాండ్లు ఉన్నరు బేటీ. ఎక్కడ పోవాలె?" అన్నాడు ఆయన.

సేటును అడిగితే, "నీ అన్నకు ముందే ఏదో బీమారి ఉండె. అందరికి అయితుందా గట్ల?" అన్నాడు. నేను ఆ రోజే మామను చెయ్యి పట్టుకుని బజారు డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. వేలి రక్తం పరీక్ష చేయిస్తే ఆయనకూ తక్కువే వచ్చింది. అన్నకు వచ్చినంత తక్కువ కాదు. వెంటనే మానేస్తే బాగుపడతావని డాక్టరు చెప్పాడు. మామ మానేశాడు, నేనూ మానేశాను. మామ బస్టాండు దగ్గర తట్టలో అరటిపళ్ళు పెట్టుకుని అమ్మేవాడు. చాలా కాలం బతికాడు. షెడ్డు సంగతి నలుగురికీ తెలిసిపోయి తొట్టి దగ్గర నిలబడేవాళ్ళు దొరక్క, సేటు మళ్ళీ మైనానికి వచ్చాడు. తర్వాత కొన్నేళ్ళకు ప్లాస్టిక్ సంచులు వచ్చి ఆ షెడ్డే మూతపడింది. నాకు చిన్నపిల్లల బాల్‌వాడీలో పని దొరికింది.

వదినకు ఆడపిల్ల పుట్టింది. పొడుగు, అన్న పోలిక. వదిన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆమెను మా దగ్గరి నుంచి తీసుకుపోవాలని వాళ్ళవాళ్ళు వచ్చారు గానీ ఆమె పోనంది. ఒకే ఒక్క కోరిక నాతో అప్పుడప్పుడూ అనేది. అతన్ని కాల్చిన చోటు చూడాలని. పిల్ల బడికి పోయే వయసు వచ్చాక ముగ్గురం హైదరాబాద్ పోయాం. దవాఖాన దగ్గర దిగి, నాకు గుర్తున్న దారిన మూసీ ఒడ్డుకు నడిచాం. శ్మశానానికి కొత్తగా గోడ కట్టారు. లోపల సిమెంటు గద్దెలు వేశారు. నేను చూసిన చోటు ఏదో నాకే తెలియలేదు. కాటికాపరిని అడిగితే, తాను వచ్చి రెండేళ్ళే అయిందన్నాడు.

"ఇక్కడేనా, అక్కడనా?" అని వదిన రెండుసార్లు అడిగింది.

"ఈ దిక్కే వదినా" అని చెయ్యి చూపించాను. ఏ దిక్కో నాకు తెలియదు. ఆమె అటువైపు తిరిగి కొంతసేపు కూర్చుంది. పిల్ల ఆకలి అంటే లేచాం. స్టేషన్ బయట ఇడ్లీ పెట్టించి, మధ్యాహ్నం బండి ఎక్కాం. జనం కిక్కిరిసి ఉన్నారు. వదినకు కిటికీ పక్కన చోటు దొరికింది. కామారెడ్డి దాటేదాకా ఆమె పిల్ల జడ విప్పి మళ్ళీ అల్లుతూ కూర్చుంది.